బావ చూసిన బండి

ఆ క్వారీ యార్డులో బండి చేతులు మారేటప్పుడు తాళం సీటు మీద పడేసి పోవడం ఉండదు. దిగేవాడు బండి చుట్టూ తిరిగి అన్నీ చూసి, ఎక్కేవాడి అరచేతిలో తాళం పెట్టి "ఇక నీది" అంటాడు. ఆ మాట అన్నాక ఎక్కేవాడు మళ్ళీ వంగి చక్రాల కింద చూశాడంటే దిగినవాణ్ణి అబద్ధాలకోరు అన్నట్టే. బండి నడిపేవాడే బయల్దేరే ముందు బండి చూసుకోవాలని ఆఫీసు గోడ మీద ఎర్రరంగుతో రాయించారు. దాన్ని చదవనివాడు లేడు. దాని కిందే అందరూ సైకిళ్ళు ఆనించి పెట్టుకుంటారు.

చిన్న డ్రైవరు మాత్రం కొంతకాలంగా ఆ మర్యాద తప్పుతున్నాడు, అదీ దొంగచాటుగా. టిప్పర్ ఒకటే, డ్రైవర్లు ఇద్దరు. రాత్రి లోడ్లు బావవి, పగటి లోడ్లు ఇతనివి. ఇతని అక్కమొగుడే పెద్ద డ్రైవరు. స్టీరింగ్ పట్టుకోవడం ఇతనికి నేర్పింది కూడా ఆయనే. తెల్లారి డ్యూటీ దిగగానే బావ ఇంజన్ కాసేపు ఆడనిచ్చి, ట్యాంకులో బ్రేకులకి కావలసిన గాలి నిండాక ఆపేస్తాడు. బ్రేకు నొక్కి ఉండేలా సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర బిగించి, కిందికి దిగుతాడు. ఇనప రాడ్డుతో టైర్లు తట్టి, నట్లు తడిమి, ఆఖర్న ఒక్కో చక్రం దగ్గర గొంతుకూర్చుని తల పక్కకి వాల్చి గాలి లీకు కోసం వింటాడు. గాలి ఎంతుందో చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. మార్పించమంటే ఓనరు "చూద్దాం" అంటాడు. ఆయన చూద్దాం అన్నాడంటే ఇక ఎవరూ చూడరని అర్థం. కాబట్టి ఆ బండికి ముల్లయినా గంటయినా డ్రైవరు చెవులే.

ఆ చెవులు పోయాయి. ఒకనాడు వెనక చక్రం దగ్గర గాలి బుస్సుమని పోతుంటే, దూరంగా నిలబడ్డ ఇతనికి వినిపిస్తోంది. పక్కనే కూర్చున్న బావ హాయిగా నవ్వుతూ లేచి వచ్చి "ఇక నీది" అని తాళం చేతిలో పెట్టాడు. చెప్దామని నోరు తెరిచాడు. రాత్రంతా దుమ్ములో తిరిగొచ్చిన ఆ మొహంలో పని బాగా చేశానన్న తృప్తి చూసి నోరు మూసుకున్నాడు. బూటు లేసు కట్టుకునే మిషతో వెనక్కి వెళ్ళి లీకవుతున్న గాలి పైపు బిగించుకున్నాడు. అప్పట్నించీ రోజూ అతని లేసు ఊడుతూనే ఉంది.

"నీ లేసుకి ఏం రోగంరా, నా బండి దగ్గరికి రాగానే ఊడుతుంది?" అనేవాడు బావ.

"కంపెనీది కాదు బావా, సంతలోది," అనేవాడు ఇతను.

అలాగే గడిచిపోయేది. కానీ ఒక పొద్దున పొక్లెయిన్ ఆపరేటరు చూశాడు. కొండ మీద బండ్లకి రాళ్ళు ఎత్తిపోసే మనిషి అతను. నోరు కూడా పొక్లెయిన్ లాంటిదే, ఏది దొరికితే అది ఎత్తి అందరి మీదా పోస్తాడు.

"అదన్నమాట సంగతి! పెద్దాయన చూసిన బండికి బామ్మర్ది స్టాంపు పడితేగానీ కదలదు!" అన్నాడు యార్డంతా వినేలా.

అందరూ నవ్వారు. గేటు దాకా వెళ్ళిన బావకి మాటలు వినపడలేదుగానీ నవ్వే మొహాలు కనపడ్డాయి. వాళ్ళు ఎటు చూస్తున్నారో అటు నడిచి వచ్చాడు. వచ్చేసరికి బామ్మర్ది ఇరుసు కింద వెల్లకిలా పడుకుని, చేత్తో స్పానర్ పట్టుకుని ఉన్నాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"లేసు బావా..."

"లేసు ఇరుసు కింద కట్టుకుంటారా?"

మళ్ళీ నవ్వులు. ఈసారి బావ చుట్టూ చూశాడు. ఆయనకి కోపం వస్తే బూతులు వస్తాయి. ఇప్పుడేమీ రాలేదు. గొంతు తగ్గించి, "నేను చూసింది చాలదా నీకు?" అని మాత్రం అడిగాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఇతను పైపు బిగించి, మొహం తుడుచుకుని బండెక్కాడు.

వాళ్ళ కాపురాలు ఒకే ఇంట్లో పక్కపక్క వాటాలు. సాయంత్రం ఇతను కాళ్ళు కడుక్కుంటుంటే అక్క వచ్చి నిలబడింది.

"ఏమన్నావురా మీ బావని?"

"నేనేమీ అనలేదక్కా."

"మరి పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను దేనికీ పనికిరాకుండా పోయానా అని అడిగారు నన్ను. ఎన్నడూ అలాంటి మాట అనని మనిషి."

ఇతను చెంబు కింద పెట్టాడు. "ఆయనకి వినపడట్లేదక్కా. నీకూ తెలుసు."

"తెలీకేం? మా టీవీ పెడితే వీధి చివరి వాళ్ళు కూడా వాళ్ళది కట్టేసి మాదే వింటున్నారు. వినపడట్లేదని ఎవరనగలరు ఆయనతో? నువ్వంటావా?" అంది. "డాక్టరుకి చూపిద్దాం. నెమ్మదిగా నేను ఒప్పిస్తాను. నువ్వు మాత్రం రేపొక్కరోజు ఆయన చేతిలోంచి తాళం తీసుకుని తిన్నగా బండెక్కి వెళ్ళిపో. నలుగురి ముందూ పోయిన పరువు నలుగురి ముందే తిరిగి రావాలి. నా కోసం," అంది.

అక్క తనకోసమంటూ ఏదీ అడిగే మనిషి కాదు. సరేనన్నాడు.

మర్నాడు పొద్దున బావ మరీ శ్రద్ధగా చూశాడు బండిని. టైర్లు రెండుసార్లు తట్టాడు. ఒక్కో చక్రం దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. తర్వాత వచ్చి, బామ్మర్ది కళ్ళలోకి చూస్తూ తాళం అరచేతిలో పెట్టి, "ఇక నీది," అన్నాడు. అని, అక్కడే నిలబడ్డాడు.

ఇతను తాళం పిడికిట్లో బిగించుకుని తిన్నగా వెళ్ళి బండెక్కాడు. అద్దంలోంచి చూశాడు. బావ నడుము మీద చేతులు పెట్టుకుని, అటూ ఇటూ అందరి వంకా చూస్తున్నాడు. పసిపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది ఆ మొహం. పోనీలే, మంచిపనే చేశాను అనుకున్నాడు ఇతను. పైకెళ్ళాక లోడుకి ముందు ఒకసారి దిగి చూసుకోవచ్చు అనికూడా అనుకున్నాడు.

పైన వరస ఉంది. ఇతని వంతు వచ్చింది, రాళ్ళు పడ్డాయి. దిగబోతుంటే పొక్లెయిన్ ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం, స్టాంపు వెయ్యకపోతే నిద్రపట్టదా? వెనక బండ్లున్నాయి, కదులు," అన్నాడు. ఇతనికి ఒళ్ళు మండింది. తలుపు ధడాలున వేసి బండి కదిలించాడు. ఆ తలుపు వేసిన చప్పుడు తర్వాత ఎన్నిసార్లు చెవుల్లో మోగిందో అతనికే తెలుసు.

దిగుడు దారి. మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులో పట్టీపట్టనట్టు పట్టింది. ఆ తర్వాత పెడల్ నేల దాకా వెళ్ళిపోయింది, కాలికింద ఏమీ లేదు. హ్యాండ్ బ్రేకు లాగాడు. లోడు బరువు ముందు అదొక లెక్క కాదు. కింద గేటు, గేటు దాటగానే పక్కన లోడ్లు తూచే కాటా గది, ఆ గది కిటికీ దగ్గర చీటీల కోసం నిలబడ్డ డ్రైవర్లు. గేటుకి అడ్డంగా దించి ఉన్న, వెనక కొసన బరువు కట్టిన ఇనప దూలం. హారన్ మీద చెయ్యి తియ్యలేదు ఇతను.

గేటు దగ్గర ఈలాయన ఉన్నాడు. బండ్లకి ఈల వేసి దారి చూపుతాడు గనక ఆయన పేరు అందరికీ అదే. హారన్ విని తల ఎత్తాడు. పారిపోవడానికి కావలసినంత సమయం ఉంది ఆయనకి. దూలం వేసి ఉంటే బండి దానికి తగిలి కాటా గది మీదికి తిరుగుతుందని ఆయనకి తెలుసు. పరిగెత్తి వెళ్ళి దూలం వెనక బరువు మీద ఒళ్ళంతా వేసి వేలాడాడు. అది మొరాయించింది, సగంలో ఆగింది. భుజం పెట్టి మిగతాది ఎత్తాడు. దారి తెరుచుకుంది. బండి కాటా గదిని తాకకుండా గేట్లోంచి దూసుకుపోయింది. పోతూ పోతూ దాని పక్క తలుపు అంచు గేటు రాటనీ, రాటని పట్టుకుని నిలబడ్డ మనిషినీ తీసుకుపోయింది.

కంకర గుట్టలో దిగబడి ఆగింది బండి. ఇంజన్ ఆగిపోయింది. ఇతని కాలు ఇంకా పెడల్ మీదే ఉంది. ఆ నిశ్శబ్దంలో వెనక చక్రం దగ్గర్నించి సన్నగా, తీరుబడిగా, గాలి పోతున్న చప్పుడు వినపడింది. తర్వాత గేటు దగ్గర అరుపులు మొదలయ్యాయి. ఇతను దిగి వెనక్కి పరిగెత్తాడు. ఈలాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇతను తల ఒళ్ళోకి తీసుకుని పిలిచాడు, పిలుస్తూనే ఉన్నాడు. ఎవరో వచ్చి భుజం పట్టుకుని లేపేదాకా, పిలిచి లాభంలేదని అతనికి అర్థం కాలేదు.

పోలీసులు లైసెన్సు తీసుకుని, వాహనాల ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా బండి ఎవరూ ముట్టకూడదనీ, ఇతను ఊరు దాటకూడదనీ చెప్పి పంపారు. మర్నాడు ఓనరు బావామరదుల్ని ఆఫీసుకి పిలిచాడు.

"బండి చూసింది ఎవరు?"

బావ కుర్చీలో ముందుకు వంగి, ఓనరు పెదాల వంకే చూస్తున్నాడు. "నేనే సార్. గాలి ఇసుమంత కూడా పోవట్లేదు. నా చేతుల్తో చూసి ఇచ్చాను."

"విన్నావుగా," అన్నాడు ఓనరు ఇతనితో. "బండిలో లోపం లేదు. గేటు మనిషి అడ్డం వచ్చాడు. ఇద్దరూ అదే చెప్పండి. అందరం బయటపడతాం."

"బ్రేకు పట్టలేదు సార్," అన్నాడు ఇతను.

బావ ఇతని తల మీద చెయ్యి వేశాడు. "కంగారులో పెడల్ మీద కాలు సరిగ్గా పడి ఉండదురా. ఎంతటివాడికైనా అవుతుంది. పాపం, ఆయన ఎందుకు అడ్డం వచ్చాడో. నువ్వేం దిగులు పెట్టుకోకు, నేనున్నాను."

ఆ చెయ్యి బరువుకి ఇతని మెడ వంగిపోయింది. ఈ మనిషి అబద్ధం ఆడితే ఎదురు చెప్పవచ్చు. ఆయన తను చూసిన నిజమే చెబుతున్నాడు. ఆ నిజం నిలబడితే తప్పు చచ్చిపోయినవాడిదవుతుంది, ఈలాయన పెళ్ళాం చేతికి పరిహారంగా చిల్లిగవ్వ రాదు, పైగా అడ్డం వచ్చి చచ్చాడన్న మాట మిగులుతుంది. నిలబడకపోతే బావ ఏమవుతాడు? ఇతను లేచి వచ్చేశాడు.

సాయంత్రం ఈలాయన ఇంటికి వెళ్ళాడు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు, వెళ్ళకుండా ఉండడానికీ చెల్లలేదు. తిడితే పడదామని వెళ్ళాడు. ఈలాయన భార్య తిట్టలేదు. బల్ల మీద కూర్చోమని, తను గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"అడ్డం వచ్చాడంటున్నారట గదా, బాబూ. చక్రం తిరిగే చప్పుడు వింటే ఏ బండో చెప్పేవాడు. అలాంటి మనిషి బండికి అడ్డం వెళతాడా?"

"రాలేదమ్మా. గేటు ఎత్తాడు. ఎత్తకపోతే ఇంకా చాలామంది పోయేవాళ్ళు. నేను చూశాను."

"మరి ఆ మాట చెప్తావా?"

"చెప్తాను."

ఆవిడ తల ఊపింది. తర్వాత, "మీ బావగారు కులాసాయేనా? ఆయనంటే ఈయనకి ప్రాణం," అంది. "ఆయన బండికి ఈల వెయ్యడం మానేశాడు తెలుసా? నా పాత ఎర్ర జాకెట్టు ఒకటి చించి తీసుకెళ్ళాడు, ఊపడానికి. పెద్దాయనకి ఈల వినపడట్లేదే, ఎవరితోనూ అనకు, పని పోతుంది అన్నాడు. నేను ఎవరితోనూ అనలేదు బాబూ."

ఇతను బల్ల మీద నుంచి లేవబోయి లేవలేకపోయాడు. ఆ గుడ్డ అతను చాలాసార్లు చూశాడు. ఈలాయన సరదా అనుకున్నాడు. అక్కకి తెలుసు, తనకి తెలుసు, చనిపోయినవాడికి తెలుసు. అందరూ ఆ మనిషిని అరచేతుల్లో పెట్టుకుని కాపాడుకున్నారు. ఒక్కళ్ళయినా నోరు విప్పి ఆయనతో అనలేకపోయారు. ఇతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని ఏడుపు. ఆవిడే ఇతనికి మంచినీళ్ళు ఇచ్చింది.

ఇంటికి వస్తూ దారంతా మాటలు కూడబలుక్కున్నాడు. తీరా వస్తే బావ వరండాలో కూర్చుని ఇతని బూట్లకి కొత్త లేసులు ఎక్కిస్తున్నాడు. "ఇవి కంపెనీవిరా. ఇక ఊడవు," అన్నాడు. ఇతను లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆవిడ పొద్దున్నే వచ్చింది. పొట్టి మనిషి, తక్కువ మాటలు. కంకర గుట్ట దగ్గర యార్డంతా మూగింది. పొక్లెయిన్ ఆపరేటరు వెనకాల ఎక్కడో నిలబడ్డాడు. ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నడిపింది ఎవరు?" అంది.

"నేను మేడం," అన్నాడు ఇతను. "బ్రేకు పట్టలేదు. గేటాయన అడ్డం రాలేదు, గేటు ఎత్తి దారిచ్చాడు. బయల్దేరే ముందు నేను బండి చూసుకోలేదు. నడిపేవాణ్ణి నేను, చూసుకోవాల్సింది నేనే. తప్పు నాది."

ఓనరు మొహం మాడిపోయింది. ఇతనికి మాత్రం రెండ్రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది. ఇంతటితో తెగిపోతుందనుకున్నాడు. బావ పేరు రాకుండానే చచ్చినవాడి పేరు నిలబెట్టేశాననుకున్నాడు.

బావ పక్కనున్నవాణ్ణి మోచేత్తో పొడిచి, "ఏమంటున్నాడు?" అని అడిగాడు. వాడు చెవి దగ్గర చెప్పాడు. బావ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"వాడి మాటలు పట్టించుకోకండమ్మా. మనిషి పోయాడన్న బాధలో నెత్తిన వేసుకుంటున్నాడు. బండి చూసింది నేను. ఇన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. కావాలంటే ఎలా చూశానో మీ ముందు చూపిస్తాను."

"వద్దు బావా," అన్నాడు ఇతను.

"నువ్వుండరా."

ఓనరు కూడా వద్దనబోయాడు. ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఆపింది. "చూపించండి," అంది.

బావ బండెక్కాడు. ఇంజన్ దగ్గి, పట్టుకుంది. ట్యాంకు నిండేదాకా ఆగి, ఆపేశాడు. కర్ర తీసి సీటుకీ పెడల్‌కీ మధ్య బిగించాడు. కిందికి దిగాడు. యార్డు మొత్తం చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో వెనక చక్రం బుసకొడుతోంది. చివర నిలబడ్డవాళ్ళకి కూడా వినపడుతోంది.

బావ ముందు చక్రాల దగ్గర గొంతుకూర్చున్నాడు. తల వాల్చి విన్నాడు. లేచాడు. వెనక చక్రం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తల వాల్చాడు. కళ్ళు మూసుకుని, శ్రద్ధగా, ఎంతో ఓపికగా విన్నాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, దుమ్ము దులుపుకున్నాడు.

"చూశారా అమ్మా? శుభ్రంగా ఉంది."

ఇన్‌స్పెక్టరు చేతిలో కలం తెరిచి పట్టుకునే ఉంది. పొక్లెయిన్ ఆపరేటరు తల వంచుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. బావ ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చాడు. ఏ చూపూ ఆయన మీద నిలబడలేదు. ఆఖరికి బామ్మర్ది దగ్గర ఆగాడు.

"ఏమైందిరా?"

ఇతను వెళ్ళి బావ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యే వేళ్ళ మీద వేళ్ళు వేసి ఇతనికి గేర్లు మార్చడం నేర్పింది. దాన్ని తీసుకెళ్ళి వెనక చక్రం పైపు దగ్గర, గాలి తగిలేచోట పెట్టాడు.

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. అరచేయి తిప్పి చూసుకుని, ఇంకోసారి పెట్టాడు. ముందు చక్రం దగ్గరికి నడిచి వెళ్ళి అక్కడ పెట్టి చూశాడు. తిరిగి వచ్చాడు. నేల మీద చతికిలబడి చెవి పైపుకి ఆనించాడు. చెంప మీది నెరిసిన వెంట్రుకలు గాలికి కదులుతున్నాయి. అలాగే ఉండిపోయాడు. గాలంతా అయిపోయి ఆ వెంట్రుకలు కదలడం మానేదాకా లేవలేదు.

లేచినప్పుడు గేటు వైపు చూశాడు. రాట ఉన్నచోట గుంత ఉంది.

"నీకు తెలుసా?" అన్నాడు బామ్మర్దితో.

ఇతను తల ఊపాడు.

"ఎప్పట్నించి?"

బావ కళ్ళు ఇతని బూట్ల మీదికి దిగి, మళ్ళీ పైకి వచ్చాయి.

"మరి నాకెందుకు చెప్పలేదురా? చెప్తే నేను అప్పుడే దిగిపోయేవాణ్ణి కదరా. ఆ మనిషి బతికుండేవాడు కదరా. ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని బావా," అన్నాడు ఇతను. గొంతు పెగల్లేదు. పెదాలు సరిగ్గా కదల్లేదు.

బావకి వినపడలేదు. ఇతని నోటి వంకే చూస్తూ, జవాబు కోసం ఇంకా నిలబడే ఉన్నాడు. ఇతను కళ్ళు తుడుచుకున్నాడు. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

"మీరు బాధపడతారని, బావా!" అని అరిచాడు.

యార్డులో అందరికీ వినపడింది. బావకి కూడా.